ఒకటి ఈదుతుంది... ఒకటి నిలబడుతుంది!

ముదినేపల్లి చుట్టుపక్కల చేపల చెరువు ఉన్న రైతుకు నీటికుక్క అంటే దొంగ. రాత్రికి రాత్రి గట్టెక్కి, చేపలు తిని పోయే జంతువు మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది! కానీ ఆ 'దొంగ' కథ పూర్తిగా తెలియాలంటే గుడివాడ, పామర్రు, అవనిగడ్డ మీదుగా నాగాయలంక దాటి వెళ్లాలి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే అక్కడ, మడ అడవుల మధ్య దానికో తోడు ఉంది. అదే మడ చెట్టు!

ఒకటి జంతువు, ఒకటి చెట్టు. అయినా రెండింటి బతుకూ సగం నేల మీద, సగం నీళ్లలో.

ఎవరి ఉపాయం వారిది

నీటికుక్క బరువు ఏడు నుంచి పదకొండు కిలోలు. వేళ్ల మధ్య పొర తెడ్డులా, చదునైన తోక చుక్కానిలా పనికొస్తాయి. మునిగితే ముక్కు రంధ్రాలు వాటంతటవే మూసుకుంటాయి. ఒత్తయిన బొచ్చు ఒంటికి తడి అంటనివ్వదు.

మడ చెట్టుకు పరుగెత్తే వీల్లేదు. బురదలో గాలాడదు కాబట్టి వేళ్లను మేకుల్లా పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. ఒంట్లో చేరిన ఉప్పును ఆకుల మీదుగా బయటికి నెట్టేస్తుంది. ఆకు నాకి చూడండి, ఉప్పగా ఉంటుంది!

పిల్లల పెంపకంలోనే అసలు తేడా. మడ విత్తనం చెట్టు మీదే మొలకెత్తుతుంది. రాలగానే నీళ్ల మీద తేలుతూ వెళ్లి, బురద దొరికిన చోట నాటుకుంటుంది. నీటికుక్క పిల్లకేమో పుట్టినప్పుడు కళ్లు కూడా తెరుచుకోవు. నీటి జంతువుకు పుట్టినంత మాత్రాన ఈత రాదు, తల్లి నేర్పాల్సిందే!

చెట్టు పోతే...

రాలిన మడ ఆకులు కుళ్లి పీతలకు, రొయ్య పిల్లలకు మేత అవుతాయి. వాటిని తినడానికి చేపలొస్తాయి. చేపల కోసం నీటికుక్క వస్తుంది. రొయ్యల చెరువుల కోసం మడ కొట్టేసిన చోట ఈ గొలుసు తెగిపోయింది. ఆకలి వేసిన జంతువుకు కనిపించేది చెరువే!

కృష్ణా అభయారణ్యాన్ని 1989లో ప్రకటించారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నీటికుక్కను చంపడం నేరం. బొచ్చు కోసం, పెంచుకోవడం కోసం సాగుతున్న అమ్మకాలను ఆపడానికి 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించారు.

రైతు నష్టం నిజమే. దానికి గట్టు చుట్టూ కింద సందు లేకుండా వల కట్టుకోవడం ఒక దారి. ఇక రెండో దారి... చెట్టును కాపాడటం. పెద్దలు 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఇంకా తలుచుకునే దివిసీమలో, కడలికి ఎదురు నిలిచే మడ ఉంటే మేలు నీటికుక్కకు మాత్రమే కాదు, మనకు కూడా!