మీకు తెలుసా? గుడిని కొలిచి చదివిన ఆర్కిటెక్ట్

జార్జ్ మిచెల్ ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆర్కిటెక్చర్ చదివారు. ఆ తర్వాత లండన్ వెళ్లి బాదామి చాళుక్యుల ఆలయాలపై డాక్టరేట్ చేశారు. 1977లో వచ్చిన ఆయన 'ది హిందూ టెంపుల్'ను విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు.

అసలు పెద్ద పని హంపిలో జరిగింది. పురావస్తు పరిశోధకుడు జాన్ ఫ్రిట్జ్‌తో కలిసి 1980 నుంచి ఇరవై ఏళ్లకు పైగా అక్కడి శిథిలాలను కొలిపించి, గీయించారు. పేరున్న గుళ్లే కాదు, ఊరూపేరూ లేని చిన్న మండపాలూ లెక్కలోకి వచ్చాయి. నా దృష్టిలో ఆయన పుస్తకాలన్నిటికంటే ఈ ఓపికే గొప్పది.

మన ఖమ్మం జిల్లాలోనూ అలాంటి ఓపిక కోరే కట్టడాలున్నాయి. కూసుమంచిలో కాకతీయుల కాలపు గణపేశ్వరాలయం, ముక్కంటేశ్వరాలయం. భద్రాద్రి గుడి కట్టించిన కంచర్ల గోపన్న పుట్టిన నేలకొండపల్లిలో బౌద్ధ స్తూపం. కాకతీయుల స్తంభాన్నే చూడండి: అడుగున నాలుగు పలకలు, పైకి వెళ్లేకొద్దీ ఎనిమిది పలకలు, గుండ్రని భాగాలు. ఏ మలుపు ఎంత ఎత్తులో వస్తుందో గీస్తేనే శిల్పి లెక్క దొరుకుతుంది.

మీ ఇంట్లో ఆర్కిటెక్చర్ చదివే పిల్లలుంటే, ఈ సెలవుల్లో టేపు, గళ్ల కాగితం ఇచ్చి కూసుమంచి పంపండి.