జ్ఞానదంతం తీసేస్తే జ్ఞానం పోతుందా?

పిల్లలూ! నేను హైస్కూలులో పాఠాలు చెప్పే రోజుల్లో ఒకసారి ఎనిమిదో తరగతి కుర్రవాడు లేచి నిలబడి, "మాస్టారూ! మా అన్నయ్యకు జ్ఞానదంతం తీసేస్తారట. తీసేస్తే జ్ఞానం పోతుందా అండీ?" అని అడిగాడు.

తరగతి అంతా ఘొల్లున నవ్వింది. నేను మటుకు నవ్వలేదు. ఎందుకంటే, నాకు కాస్త జ్ఞానం వచ్చింది ఆ పన్ను పోయిన తరవాతనే! ఆ సంగతి కొంచెం సేపట్లో చెబుతాను. ముందు ఈ పన్ను ఏమిటో తెలుసుకుందాం.

మీ నోట్లో ఎన్ని పళ్ళున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పసివాళ్ళకు వచ్చే పాలపళ్ళు 20. ఆరేళ్ళ వయసు వచ్చేసరికి ఇవి ఒక్కొక్కటే ఊడటం మొదలుపెట్టి, వాటి చోట గట్టిపళ్ళు వస్తాయి. ఆ వయసులోనే పాలపళ్ళ వరస వెనక, ఏ పన్నూ ఊడకుండానే, నాలుగు దవడపళ్ళు కొత్తగా మొలుస్తాయి. 12 ఏళ్ళ ప్రాంతంలో వాటి వెనక ఇంకో నాలుగు వస్తాయి. ఇప్పటికి మొత్తం 28 అయినాయి.

ఇక మిగిలినవి నాలుగే. పైన రెండు, కింద రెండు, అన్నిటికన్నా లోపల ఉంటాయి. ఇవి సాధారణంగా 17 మొదలు 25 ఏళ్ళ లోపల వస్తాయి. మనిషికి బుద్ధి వికసించే వయసులో వస్తాయి కనక వీటికి జ్ఞానదంతాలని పేరు వచ్చింది. అంతే తప్ప, ఈ పంటికీ మెదడుకూ ఏ సంబంధమూ లేదు. కొందరికి ఈ నాలుగింటిలో కొన్ని అసలు మొలవవు. వాళ్ళేమీ తెలివితక్కువవాళ్ళు కారు!

మరి ఈ పళ్ళతో చిక్కేమిటి? చోటు చాలకపోవటమే చిక్కు. నలుగురు పట్టే బెంచీ మీద నలుగురూ కూర్చున్న తరవాత, ఆలస్యంగా ఐదోవాడు వచ్చాడనుకోండి. వాడు ఏం చేస్తాడు? పక్కవాణ్ణి నెడతాడు, లేదా ఓరగా కూర్చుంటాడు. జ్ఞానదంతం కూడా అంతే. నిటారుగా రావటానికి చోటు లేక పక్కపంటి మీదికి ఒరుగుతుంది. ఒక్కొక్కసారి దవడ ఎముకలోనే అడ్డంగా పడుకుని ఉండిపోతుంది.

పూర్వకాలపు మనిషి గట్టి దుంపలూ, గింజలూ, మాంసమూ కష్టపడి నమిలేవాడు. చిన్నప్పటినించీ గట్టివి నమిలితే దవడ బాగా పెరుగుతుంది. మనిషి వండుకోవటమూ, పిండి విసురుకోవటమూ నేర్చిన తరవాత దవడకు పని తగ్గింది. పని తగ్గి దవడ చిన్నదయింది గాని, పళ్ళ లెక్క మటుకు 32గానే ఉండిపోయింది.

సగం మొలిచి సగం చిగురు కింద ఉన్న పన్ను ఉన్నదే, అది మరీ పోరు పెడుతుంది. ఆ చిగురు కింద అన్నం మెతుకులు చేరతాయి. కుంచె అక్కడికి అందదు. సూక్ష్మజీవులు పెరిగి, చిగురు వాచి, నోరు తెరవటమే కష్టమవుతుంది. పక్కనున్న మంచి పన్ను కూడా పుచ్చిపోవచ్చు. అటువంటప్పుడు దంతవైద్యుడు ఎక్స్‌రే తీసి, పన్ను ఎలా పడుకుని ఉన్నదీ, కింది దవడలో నడిచే నరానికి ఎంత దగ్గరలో ఉన్నదీ చూసి, తీసేయటం మంచిదా కాదా అని నిర్ణయిస్తాడు. నిటారుగా వచ్చి, ఏ బాధా పెట్టకుండా, కుంచెకు అందే జ్ఞానదంతాన్ని తీయవలసిన పని లేదు.

"పన్ను తీస్తే నొప్పి పుట్టదా?" అంటారేమో. పూర్వం ప్రాణం పోయినంత పని అయేది. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు ఉండేవాడు. 1844 డిసెంబరులో అక్కడ జనానికి "నవ్వించే వాయువు" పీల్పించి వినోదం చూపించారు. దాన్ని పీల్చిన ఒకతను చిందులు వేస్తూ కాలికి దెబ్బ తగిలించుకుని కూడా, ఆ సంగతే ఎరగనట్టు కూర్చున్నాడు. వెల్స్ అది గమనించాడు. మర్నాడే తాను ఆ వాయువు పీల్చి, తోటి దంతవైద్యుడి చేత తన దవడపన్నే తీయించుకున్నాడు. నొప్పి తెలియలేదు! ఈనాడు చాలామందికి అంత పని కూడా లేదు. లిగ్నొకేయిన్ అనే మందును చిగురులో సూదితో ఎక్కిస్తే, మనిషి మెలకువగా ఉండగానే అంతమేరా మొద్దుబారుతుంది. పన్ను లాగుతున్నట్టు తెలుస్తుంది గాని నొప్పి తెలియదు.

కాని పిల్లలూ, పన్ను తీయటంతో సగం పనే అవుతుంది. మిగిలిన సగం మన చేతిలో ఉంటుంది. ఇక్కడే నేను బోల్తాపడ్డాను.

అది 1984వ సంవత్సరం. నాకు 24 ఏళ్ళు. ఉద్యోగంలో కొత్తగా చేరాను. గుంటూరులో ఒక దంతవైద్యుడు నా కింది జ్ఞానదంతం తీసి, ఆ గుంట మీద దూదిగుడ్డ పెట్టి, గట్టిగా కరిచి పట్టుకోమన్నాడు. "మాస్టారూ! రేపటిదాకా పుక్కిలించవద్దు, ఉమ్మవద్దు," అని చెప్పాడు. నేను తల ఊపి బస్సెక్కాను.

ఇంటికి చేరాక నోట్లో నెత్తుటి రుచి తగిలి రోత పుట్టింది. "నోరు శుభ్రం చేసుకుంటే మంచిదేగా! తరగతిలో రోజూ నేను చెప్పేదీ అదేగా!" అనుకున్నాను. చెంబెడు వేడినీళ్ళు తీసుకుని గడగడా పుక్కిలించి ఉమ్మేశాను. రాత్రి పడుకునేలోగా పదిసార్లయినా అలా చేశాను.

మూడో రోజుకు తగ్గవలసిన నొప్పి రెట్టింపయింది. దవడలో మొదలై చెవిలోకి పొడుచుకుపోయింది. రాత్రంతా వాకిట్లో పచార్లు చేశాను. మా స్కూల్లో అప్పుడు పరీక్షలు. తెల్లవారి నా పని తోటి మాస్టరుకు అప్పగించి మళ్ళీ గుంటూరు పరుగెత్తాను.

వైద్యుడు చూసి, "నెత్తుటిగడ్డ పోయింది. ఎముక బయటపడింది. పుక్కిలించారు, అవునా?" అన్నాడు. నేను తల వంచుకున్నాను. "పిల్లలు చెప్పిన మాట వినకపోతే మీరేం చేస్తారు, మాస్టారూ?" అని ఆయన నవ్వాడు. గోడకుర్చీ వేయిస్తానని ఎలా చెప్పను? ఆయన ఆ గుంటను కడిగి, లవంగనూనె వాసన వేసే మందుగుడ్డ పెట్టాడు. సాయంత్రానికి నొప్పి దిగింది.

అప్పుడు అడిగాను, "పుక్కిలిస్తే ఏమవుతుంది?" అని. మొదటి రోజే అడగవలసిన ప్రశ్న అది. ఆయన చెప్పాడు: పన్ను తీసిన గుంటలో నెత్తురు నిండి గడ్డకడుతుంది. అది మురికి కాదు, కట్టు! దాని కింద ఎముకా, నరాల కొసలూ భద్రంగా ఉంటాయి. దానిలోనించే కొత్త కండ పుడుతుంది. గట్టిగా పుక్కిలించినా, ఉమ్మినా, గొట్టంతో పీల్చి తాగినా ఆ గడ్డ ఊడిపోవచ్చు. చుట్టా బీడీ కాల్చేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

కనక మీ ఇంట్లో అన్నయ్యకో అక్కయ్యకో జ్ఞానదంతం తీస్తే, మీరే కాపలా ఉండండి. మొద్దు వదిలేదాకా ఏమీ తిననివ్వకండి. బుగ్గ కొరుక్కున్నా తెలియదు. మొదటి రోజు గుడ్డలో మంచుముక్కలు చుట్టి బుగ్గ మీద కాసేపు పెట్టి, కాసేపు తీస్తూ ఉండాలి. చల్లారిన జావ, మెత్తటి పెరుగన్నం పెట్టాలి. ఆవకాయా, జంతికలూ వద్దు. మర్నాటినించి గోరువెచ్చని ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని మెల్లగా అటూ ఇటూ వంచి వదిలేయాలి. వాపు రెండు మూడు రోజులు పెరిగి, తరవాత తగ్గుతుంది. చిగురు మూసుకోవటానికి కొన్ని వారాలూ, లోపల ఎముక పూడటానికి కొన్ని నెలలూ పడతాయి.

పెద్దలకు ఒక మాట. మూడు రోజుల తరవాత నొప్పి గాని వాపు గాని పెరిగినా, జ్వరం వచ్చినా, నెత్తురు ఆగకపోయినా ఇంటివైద్యాలు చేస్తూ కూర్చోకండి. వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. మింగటమో, ఊపిరి తీయటమో కష్టమైతే క్షణం కూడా ఆలస్యం చేయరాదు.

ఆ ఏటినించీ నేను తరగతిలో "అలా చేయవద్దు" అని చెప్పి ఊరుకోలేదు. ఎందుకు వద్దో కూడా చెప్పాను. చెప్పటం మరిస్తే లేచి అడగమన్నాను. అందుకే ఆ కుర్రవాడు అంత ధైర్యంగా లేచి అడిగాడు. నేను వాడితో, "పన్ను పోతే జ్ఞానం పోదురా. అడగకుండా తల ఊపితే మటుకు రావలసిన జ్ఞానం రాదు," అన్నాను.