గంటమును కరయంత్రమును

తాటాకుపై వ్రాయువారు ఎడమచేత నాకును బట్టి, కుడిచేతి గంటముతో నక్షరములు గీచి, పిమ్మట మసి పూసి తుడిచెడివారు. గీఁతలలో నిలిచిన మసియే యక్షరముగఁ గనఁబడెడిది. నారవెంటఁ దిన్నని గీఁత గీచినచో నాకు చీలునను భయమే తెలుఁగులిపి గుండ్రనగుటకు హేతువని పెక్కండ్రు చెప్పుదురు. శిలాశాసనములయందును గుండ్రఁదనము కలదు గావున నీవాద మొక్కటియే చాలదు. ఐనను సాధనము లిపిని మార్చుననుట కాదనరానిది.

ఇట్టి మార్పున కిటీవలి యుదాహరణము 1996లో వెలువడిన పామ్ పైలట్ అను కరయంత్రము. (ఆంగ్లమున నరచేతికిని దాళజాతివృక్షమునకును నొక్కటే పేరు.) అంతకు మూఁడేండ్లు ముందు, 1993లో, ఆపిల్ సంస్థవారి న్యూటన్ యంత్రము ఎవరి వ్రాఁతనైనను జదువఁబూని, పెక్కు తావులఁ దప్పు చదివి పరిహాసమునకుఁ బాల్పడెను. పామ్ నిర్మాతయగు జెఫ్ హాకిన్స్ త్రోవ మార్చెను. యంత్రము మనుష్యుని వ్రాఁత నేర్చుటకు బదులు, మనుష్యుఁడే యంత్రమునకుఁ దగిన వ్రాఁత నేర్వవలసివచ్చెను. గ్రాఫిటి యను నాలిపిలో నించుమించుగఁ బ్రత్యక్షరమును కలమెత్తకుండ నొక్కగీఁతతో ముగియును. ఆంగ్లవర్ణమాలలోని మొదటి యక్షరమునకు నడిమి యడ్డగీఁత తొలఁగెను. అక్షరములు వరుసగఁ గాక యొకేచోట నొకదానిపై నొకటి వ్రాయఁబడును, కలమెత్తుటయే యక్షరసమాప్తి. జనులు దీనిని నేర్చిరి. జిరాక్స్ సంస్థతోడి స్వామ్యవివాదమున 2003లో నీపద్ధతి మార్పఁబడెను.

తెలుఁగున కీయుపాయము చెల్లదు. 'స్త్రీ' యను నొక్క యక్షరమున సకారము, తవత్తు, క్రావడి, గుడిదీర్ఘము గలవు. కలము పలుమాఱు లేవక తప్పదు. వ్రాయుక్రమమును సర్వుల కొక్కటి గాదు. ఒకరు వత్తులకు ముందే గుడి నుంతురు, మఱియొకరు తుదను. కావునఁ దెలుఁగు చదువఁగోరు యంత్రము గీఁతల వరుసను, స్థానమును గూడ విచారింపవలెను. వలపలగిలక యింకను జిక్కు. ధర్మశబ్దమున రేఫము ముందు వినఁబడును. ప్రాచీనలేఖనమున దాని గుర్తు మకారమునకుఁ దరువాత నిలుచును. యంత్రములు దాఁచుకొను యూనికోడ్ సంకేతములలోనో రేఫమే ముందు. చేయి పోయిన త్రోవ యొకటి, దాఁచిన త్రోవ యొకటి.

2011లో వచ్చిన సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ కలము వేఱుజాతిది. ఫలకము క్రింది తీఁగెలవల విద్యుదయస్కాంతక్షేత్రమును బుట్టింపఁగాఁ గలములోని తీఁగెచుట్ట దానికిఁ బ్రతిస్పందించును. కలమునకు బ్యాటరీ యక్కఱలేదు. ఒత్తిడియు గుర్తింపఁబడును గనుక నొత్తిన గీఁత లావగును, తేల్చినది సన్నమగును. గంటమున రాని కుంచెవాటము చిత్రకారునకు దీనివలన లభించెను.

ఐతే వ్రాఁతను అచ్చక్షరములుగ మార్చి మూలగీఁతలను దుడిచివేయు నలవాటు పండితులకుఁ జింత్యము. తాళపత్రప్రతిని బరిష్కరించువారు పాఠమును మాత్రమే చూడరు. ప్రతి యంతయు నొకే వ్రాయసకాని చేతిదా, నడుమ నన్యహస్తము చొచ్చెనా, ఏయక్షరము నేయక్షరముగ భ్రమించుటచేఁ బాఠము చెడినది యనునవి యక్షరరూపమువలననే తేలును. ఏగీఁత ముందు పడెనో, చేయి యెచ్చట నాఁగెనో, యెంత యొత్తెనో యంత్రము దాఁచియుంచఁగలదు. తాటాకు సైతము వీని నన్నిటిని జెప్పఁజాలదు. గీఁతలు తుడిచినపిదప మిగులునది సంకేతములవరుస మాత్రమే. అందు 'ప' యని యున్నచో, నది చేయి వ్రాసిన పకారమో, యంత్రము పకారముగఁ జదివిన వకారమో తెలుపఁగల సాక్షి యుండదు.