చెరువు మీద వెలసిన పానగల్ పార్కు

పెండ్లి చీరలకై చెన్నపట్నం వెళ్ళే మన రాజపాళయం, సత్రపట్టి వారు త్యాగరాయనగరులోని పానగల్ పార్కు చుట్టూ తిరగక మానరు. ఆ పేరెవరిదని మేమడిగితే మాత్రం చాలమంది తెల్లబోయారు.

నూరేండ్ల క్రితం అచ్చట అంగళ్ళు లేవు, చెరువుండేది. మైళ్ళ పొడవున సాగినందున దొరలు దానిని పొడుగు చెరువనేవారు. పట్నంలో యిండ్లస్థలాలు చాలక, 1920 దశకంలో దానిని పూడ్చి కొత్త నగరు కట్టారు. పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు నేటికీ గలదు; చూడబోతే చెరువే లేదు! 2021 నవంబరు వానలకు త్యాగరాయనగరు వీథులు నీట మునిగినవి. కణ్మాయి గట్లమీద పెరిగిన మనకు కారణం ఒకరు చెప్పనక్కరలేదు.

నగరుకు పిట్టి త్యాగరాయశెట్టిగారి పేరు, నడుమనున్న తోటకు పానగల్ రాజా పానగంటి రామరాయణింగారి పేరు పెట్టారు. ఇద్దరూ జస్టిస్ పక్షనాయకులు, ఇద్దరూ తెలుగువారే. 1920లో అధికారం చేతికందినా శెట్టిగారు పదవి పుచ్చుకోలేదు. కాళహస్తిలో 1866లో పుట్టిన రాజావారు 1921 నుండి 1926 వరకు మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిగా వున్నారు. సర్కారు కొలువులలో అన్ని కులాలకూ చోటుండాలన్న 1921 నాటి వుత్తరువు, దేవస్థానాల ఆస్తులకు లెక్క అడిగే శాసనం ఆయన హయాములోనివే. రెండవదానిని మఠాధిపతులు గట్టిగా యెదిరించారు. అయినా ఆయన వెనుదీయలేదు. 1928 డిసెంబరులో కాలధర్మం చెందారు.

పార్కులో కొంత మేర మెట్రో రైలు భూగర్భ స్టేషను పనులకు పోయినది. ఆ స్టేషనుకూ పానగల్ పార్కనే పేరే పెట్టారు.