లెక్క అడిగిన నగరం

*ఖజానా గురించి ప్రశ్న పుట్టిన 1883 నుంచి ఓటు చీటీ చేతికొచ్చిన 1952 దాకా: హైదరాబాదు పాతబస్తీలో తర్కమూ హక్కూ నడిచిన దారి*

ఫ్రెంచి విప్లవం జెండా హైదరాబాదు చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. మానవ హక్కుల ప్రకటన పారిస్‌లో 1789లో వెలువడింది. ఆ తర్వాత పదేళ్లు తిరక్కుండానే, రెండో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ పటాలాలు రిపబ్లిక్ మూడు రంగుల జెండా పట్టుకుని ఇక్కడ కవాతు చేశాయి. మూసారాంబాగ్ అన్న పేరు ఆయన వల్ల వచ్చిందే. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు ఆ పటాలాల చేత ఆయుధాలు కింద పెట్టించారు. జెండా అయితే వచ్చింది, దాని వెనకున్న ఆలోచన మాత్రం రాలేదు. సింహాసనాన్ని కూల్చిన జెండా పట్టుకుని సింహాసనానికే కాపలా కాసిన సైన్యం అది!

1857 జూలై 17న మక్కా మసీదు దగ్గర పోగైన జనం తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల వెంట మూసీ దాటి ఇంగ్లీషువాళ్ల రెసిడెన్సీ మీదికి వెళ్లారు. వాళ్ల తెగువకు వంక పెట్టలేం. ఇంగ్లీషువాడు పోవాలన్నది వాళ్ల పంతం. పాలించేవాడెవరైనా జనానికి జవాబు చెప్పాలన్న మాట ఈ ఊళ్లో పుట్టడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. అదీ రైలు పట్టాల పుణ్యమా అని.

చాందా రైలు, ఒక రసాయన శాస్త్రవేత్త

చాందా బొగ్గు గనుల వైపు రైలు మార్గం వేయాలన్నది పథకం. లండన్‌లో కంపెనీ పెట్టి వాటాలు అమ్ముతారు, వాటాదారుల వడ్డీకి నిజాం ఖజానా పూచీ పడుతుంది. ఆ కంపెనీ పేరులోనే ‘గ్యారంటీడ్’ అన్న మాట ఉంది. లాభం వస్తే వాళ్లది, నష్టమొస్తే ఇక్కడి రైతు కట్టిన శిస్తులోంచి తీసివ్వాలి. ప్రధాని సాలార్‌జంగ్ 1883 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ కొద్ది నెలల్లోనే నగరంలో కొందరు చదువుకున్నవాళ్లు ఒక కమిటీగా కూడి ప్రభుత్వాన్ని అడిగారు: ఒప్పందం షరతులేమిటి? మాకు చెప్పండి.

వాళ్ల ముందు వరసలో ఉన్నది అఘోరనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడి తండ్రిగానే మనకు ఎక్కువ తెలిసిన ఈయన ఎడిన్‌బరోలో రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసి వచ్చిన బెంగాలీ. తర్వాత నిజాం కాలేజీగా మారిన విద్యాసంస్థకు ప్రిన్సిపాల్. ఆయన చదివొచ్చిన ఎడిన్‌బరో ఎలాంటి ఊరు? ఏ నమ్మకమైనా రుజువుకు నిలబడాల్సిందేనని వాదించిన డేవిడ్ హ్యూమ్ పుట్టి చదువుకున్న ఊరు. అక్కడ ప్రయోగశాలలో అలవాటైన ప్రశ్నను ఆయన ఇక్కడ దివాణం ముందు పెట్టాడు. ఆయనతో కలిసి నడిచిన ముల్లా అబ్దుల్ ఖయ్యూం సంప్రదాయ ఇస్లామిక్ చదువులో పండినవాడు. ప్రాచీన అరబ్బీ గ్రంథాల ప్రచురణ కోసం దాయిరతుల్ మారిఫ్‌ను నెలకొల్పడంలో పాలుపంచుకున్నాడు, ఆ తర్వాత కాంగ్రెస్‌ను బాహాటంగా సమర్థించాడు. తర్కం పడమటి సరుకనీ, మసీదు నీడలో మొలవదనీ అనుకునేవాళ్లు ఈ జంటను చూడాలి.

ఖజానా లెక్కలు రాజ్యాలను కదిలించడం కొత్త కాదు. ఫ్రాన్సులో నెక్కర్ అనే ఆర్థిక మంత్రి 1781లో రాజుగారి జమాఖర్చులను పుస్తకంగా అచ్చు వేస్తే జనం ఎగబడి కొన్నారు. అందులో అంకెలు సరైనవా కాదా అన్నది వేరే గొడవ. రాజు ఖర్చు గురించి సామాన్యుడు చర్చించవచ్చన్న సంగతి మాత్రం ఆ పుస్తకంతో తేలిపోయింది. ఎనిమిదేళ్లకు విప్లవం వచ్చింది. అమెరికా వలసల్లో రగిలిన తొలి నిప్పు కూడా పన్నుల దగ్గరిదే.

హైదరాబాదులో జవాబు వేరే రూపంలో వచ్చింది. 1883 మే నెలలో అఘోరనాథ్‌ను ఉద్యోగం నుంచి తప్పించి రాజ్యం దాటించారు. కొన్నాళ్లకు తిరిగి రానిచ్చారు గానీ, లెక్క అడిగితే ఏమవుతుందో నగరానికి అర్థమైంది. లెక్క అడగవచ్చనీ అప్పుడే అర్థమైంది. నా దృష్టిలో హైదరాబాదు ఆధునిక రాజకీయ చరిత్ర మొదలయ్యేది ఇక్కడే.

నదికి అటూ ఇటూ

మూసీకి ఉత్తరాన రెసిడెన్సీ బజార్లు. ఇప్పటి కోఠి, సుల్తాన్‌బజార్ ప్రాంతం. 1933 దాకా అక్కడ చెల్లింది ఇంగ్లీషు రెసిడెంటు మాట. నిజాం ఫర్మానాలు ఆ హద్దు దగ్గర ఆగిపోయేవి. అందుకే 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం పుట్టింది ఆ ప్రాంతంలోనే, రావిచెట్టు రంగారావు ఇంట్లో. ఒక పరాయి ప్రభుత్వం హద్దులో నిలబడి సొంత ప్రభుత్వాన్ని విమర్శించాల్సి రావడం ఎంత ఇబ్బందికరమైన స్వేచ్ఛో ఊహించుకోండి.

1921 నవంబరులో వివేకవర్ధిని హాలులో జరిగిన సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడితే గేలి చేశారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు దాన్ని పెంచారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ పత్రిక’ వచ్చింది. 1929 నాటి ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు, సభ పెట్టాలన్నా ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలంది. దానికి వ్యతిరేకంగా అర్జీలు పెట్టుకోవడమే ఆ రోజుల్లో పెద్ద పోరాటం. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే.

పాఠ్యపుస్తకాలు తొందరగా దాటేసే మనిషి మాదరి భాగ్యరెడ్డి వర్మ. 1906లో జగన్మిత్ర మండలి, 1910లో ఈసామియా బజారులో దళిత పిల్లలకు బడి, 1911లో మాన్య సంఘం. రాజు ముందు అందరూ సమానమే అంటున్న పెద్దలను ఆయన బావి దగ్గరికి తీసుకెళ్లి అక్కడా ఆ మాట అనమన్నారు. 1931 జనాభా లెక్కల్లో తన వాళ్లను ఆది హిందువులుగా నమోదు చేయించడానికి పట్టుబట్టి సాధించారు. సభ పెట్టుకునే హక్కు కోసం పోరాడుతున్న సభల్లోనే ఆయన వాళ్లకు కుర్చీ దొరకని రోజులవి.

నిజాం డబ్బుతో వచ్చిన పుస్తకాలు

ఇక నది దాటి దక్షిణానికి రండి. నయాపూల్ దాటగానే కుడివైపు హైకోర్టు, దాని పక్కనే సిటీ కాలేజీ. ఈ ఒడ్డున కథ ఉర్దూ పుస్తకాలతో మొదలవుతుంది.

ఉర్దూలో ఉన్నత విద్య చెప్పడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టాలని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నిర్ణయించినప్పుడు మొదట కావలసింది పాఠ్యగ్రంథాలు. 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి తొలి అధిపతి. యూరప్ చరిత్ర, రాజనీతి, తత్వశాస్త్రం, అర్థశాస్త్రం, న్యాయం ఒక్కొక్కటే ఉర్దూలోకి వచ్చాయి. రాజుల తలరాత మారిన దేశాల చరిత్రను ఒక రాజే జీతాలిచ్చి తర్జుమా చేయించి, తన కాలేజీల్లో తన ప్రజల పిల్లలకు చెప్పించాడు. కవి జోష్ మలీహాబాదీ ఆ సంస్థలోనే పనిచేసి, నిజాంను తప్పుపట్టే కవిత రాసి రాజ్య బహిష్కారం తెచ్చుకున్నాడు. రాజ్యం పనితీరు మాత్రం మారలేదు. సర్ఫెఖాస్ భూముల ఆదాయం నేరుగా నిజాం సొంత పెట్టెలోకి పోయేది. ఊళ్లలో జాగీర్దార్లు, దేశ్‌ముఖులు, వెట్టి చాకిరీ ఎప్పట్లాగే ఉన్నాయి. పుస్తకంలో చదివేదానికీ కిటికీలోంచి కనిపించేదానికీ పొంతన లేని చోట కుర్రాళ్లు ఎన్నాళ్లు కుదురుగా కూర్చుంటారు?

ఆ కుర్రాళ్లలో ఒకడు మెదక్ జిల్లా అందోల్‌లో 1908లో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్. ఉస్మానియాలో ఎం.ఏ. చదివి సిటీ కాలేజీలో ఉర్దూ పాఠాలు చెప్పాడు. 1939లో మఖ్దూం, గౌలీపురా కాయస్థుల ఇంట పుట్టిన వైద్య విద్యార్థి రాజ్ బహదూర్ గౌర్, ఆలం ఖుంద్‌మీరీ, జవాద్ రజ్వీ లాంటి యువకులు కామ్రేడ్స్ అసోసియేషన్ పెట్టారు. పక్కనే ఖాజీ అబ్దుల్ గఫార్ ‘పయాం’ పత్రిక. హిందూ ముస్లిం తేడా లేకుండా ఉర్దూలో వాదించుకుని, ఉర్దూలో మార్క్స్‌ను చదివిన గుంపు ఇది. మఖ్దూం ఉద్యోగం వదిలి కార్మిక సంఘాల్లోకి వెళ్లాడు. 1946లో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యాడు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన సంతకం ఆయనదే. కడవెండి పల్లెలో దొర మనుషుల తూటాలకు దొడ్డి కొమరయ్య నేలకొరిగి ఏడాది దాటాక ఆ పిలుపు వచ్చింది. ఆలోచన నగరంలో పుట్టి పల్లెకు పోయిందనుకుంటే పొరపాటు. పల్లె అప్పటికే లేచి నిలబడింది.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంలో జమాలున్నీసా బాజీ ఉన్నారు. సంప్రదాయ కుటుంబంలో పెరిగిన ఆమె, మతాచారాలను తర్కంతో ప్రశ్నించే నియాజ్ ఫతేపురి ‘నిగార్’ పత్రిక చదువుతూ ఆలోచన పదునుపెట్టుకున్నారు. ఇంట్లోనే సాహిత్య చర్చలు నడిపారు, అజ్ఞాతంలో ఉన్న కమ్యూనిస్టులకు ఆశ్రయమిచ్చారు. పరదా లోపల ప్రభుత్వాలు రెండు, సర్కారుదొకటి, ఇంటిదొకటి. రెండింటితోనూ తలపడాల్సి రావడం మఖ్దూంకు ఎదురుకాని కష్టం.

తెగిన చెయ్యి

షోయబుల్లా ఖాన్ ముందు మందుముల నరసింగరావు ‘రయ్యత్’లో పనిచేశాడు. ప్రభుత్వం దాన్ని మూయించింది. 1947 నవంబరులో సొంతంగా ‘ఇమ్రోజ్’ దినపత్రిక మొదలుపెట్టాడు. హైదరాబాదు భారత యూనియన్‌లో కలవాలనీ, బాధ్యతాయుత ప్రభుత్వం రావాలనీ, నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల దౌర్జన్యాలు ఆగాలనీ ఒక ముస్లిం సంపాదకుడు ఉర్దూలో రాశాడు. పాలకుడూ తానూ ఒకే మతం కాబట్టి పాలకుడి పక్షాన ఉండాలన్న లెక్క అతనికి ఒంటబట్టలేదు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ అలాంటి రాతలు రాసేవాళ్లను బహిరంగంగానే బెదిరించాడు.

1948 ఆగస్టు 21 రాత్రి. పత్రిక పని ముగించుకుని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి కాచిగూడ దగ్గర ఇంటికి నడిచి వస్తున్నాడు. దారి కాచినవాళ్లు మీద పడ్డారు. రాసే కుడి చెయ్యి నరికారు, తుపాకీతో కాల్చారు. అడ్డుపడ్డ ఇస్మాయిల్ చెయ్యీ తెగింది. తెల్లవారేలోగా షోయబ్ ప్రాణం పోయింది. అప్పటికి 27 ఏళ్లు. నెల తిరక్కుండా, సెప్టెంబరు 17న ‘పోలీసు చర్య’ పేరిట వచ్చిన భారత సైన్యానికి నిజాం ప్రభుత్వం లొంగిపోయింది.

కథ ఇక్కడ ఆపితే చప్పట్లు కొట్టుకోవచ్చు. కానీ పోలీసు చర్య సమయంలోనూ ఆ వెంటనూ బీదర్, గుల్బర్గా, ఉస్మానాబాద్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింలను ఊచకోత కోశారు. భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ రాజ్యమంతటా కలిపి 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటికి రానివ్వలేదు. మనిషిని మనిషిగా చూడమన్న ఉద్యమం గెలిచిన నెలలోనే మనుషులను మతంగా చూసి చంపారు, ఆ లెక్క అడిగినవాళ్లకు జవాబు రాలేదు. నిజాం కాలపు జబ్బును కొత్త ప్రభుత్వం అంత సులువుగా అంటించుకుంది. 1952 సెప్టెంబరులో, ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఉద్యమం రోజుల్లో పోలీసు తూటాలు పేలింది కూడా మఖ్దూం పాఠాలు చెప్పిన సిటీ కాలేజీ దగ్గరే.

అయినా అదే 1952లో పాతబస్తీలో తొలిసారి వయోజన ఓటు పడింది. జాగీర్లు 1949లోనే రద్దయ్యాయి. ఓటు పెట్టె ముందు నవాబుకూ ఆయన బగ్గీ తోలినవాడికీ చెరో చీటీయే. షాలిబండ ఓటర్లు మాసూమా బేగంను శాసనసభకు పంపారు. తర్వాత ఆమె ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయ్యారు. పరదా నగరమని పేరుపడ్డ చోట ఇది చిన్న విప్లవం కాదు.

ఈ చరిత్రలో సగం ‘రయ్యత్’, ‘పయాం’, ‘ఇమ్రోజ్’ పుటల్లో ఉర్దూలో ఉంది. తెలుగు పాఠకుడికి అందేది సుల్తాన్‌బజార్ వైపు సగం మాత్రమే. అందుకే పాతబస్తీ అనగానే నిజాంనూ రజాకారునూ తప్ప ఎవరినీ చూడలేకపోతున్నాం. లోకాన్నంతా ఉర్దూలోకి తెచ్చిన దారుల్ తర్జుమా ఉన్న ఊరిది. మన విశ్వవిద్యాలయాలూ, ప్రభుత్వ అకాడమీలూ ఆ పత్రికల్లో దొరికిన సంచికలనైనా సేకరించి తెలుగులోకి తేవాలి. రెండు భాషలూ ధారాళంగా చదవగల పెద్దలు మన మధ్య ఉండగానే ఈ పని మొదలుపెట్టాలి.