పిలుపు ఒకరికి, పలికేది మరొకరు

2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతటా వార్తలకెక్కింది. ఐఫోన్‌కు వచ్చిన సందేశంలో 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పుతో ఉంటే చాలు, దాన్ని చూపించబోయిన ప్రోగ్రాము టక్కున మూతపడిపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూత! మెసేజెస్ ప్రోగ్రామును తయారుచేసిన కంపెనీ ఒకటి, వాట్సాప్‌ను తయారుచేసిన కంపెనీ మరొకటి. వేరువేరు మనుషులు రాసిన ప్రోగ్రాములు ఒకే అక్షరం దగ్గర ఒకేలా ఎందుకు కూలాయి?

ఉమ్మడి కొట్టు

ఒక పోలికతో చూద్దాం. రోలుగుంట, గొలుగొండ, మాకవరపాలెం ఊళ్ళలోని కిరాణా కొట్లవాళ్ళు పంచదార తామే తయారు చేసుకోరు కదా! అందరూ నర్సీపట్నంలోని ఒకే టోకు కొట్టుకు చీటీ పంపి తెప్పించుకుంటున్నారనుకోండి. ఆ బస్తాలో రాళ్ళుంటే అన్ని ఊళ్ళ పంచదారలోనూ రాళ్ళే వస్తాయి.

కంప్యూటరు ప్రోగ్రాములూ ఇంతే. అందరికీ అవసరమైన పనులను ఒకచోట సిద్ధం చేసి ఉంచుతారు. ఆ చోటునే 'లైబ్రరీ' అంటారు. అందులోని ఒక్కొక్క పని ఒక్కొక్క 'ఫంక్షన్'. లినక్స్ వ్యవస్థలోని సి లైబ్రరీనే తీసుకోండి. మెమరీలో చోటు కావాలంటే 'మ్యాలక్' అని పిలవాలి. వేళ తెలియాలంటే 'టైమ్', ఫైలు తెరవాలంటే 'ఓపెన్' అని పిలవాలి.

ఐఫోన్‌లో అక్షరాలను తెర మీద పేర్చే లైబ్రరీ పేరు కోర్‌టెక్స్ట్. ఆ గొడవ తెచ్చిన 'జ్ఞా' వెనుక ఐదు సంకేతాలున్నాయి: జ, పొల్లు, ఞ, కంటికి కనపడని ఒక సంకేతం, చివర దీర్ఘం. ఆ కనపడని సంకేతం పక్కపక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపడానికి ఉద్దేశించినది. మనం మామూలుగా రాసే 'జ్ఞానం'లో అది ఉండదు. ఈ ఐదింటినీ ఆ వరసలో పేర్చబోయి కోర్‌టెక్స్ట్ మెమరీని పాడుచేసేది. కనుక తప్పు మన అక్షరానిదీ కాదు, ఆయా ప్రోగ్రాములదీ కాదు. ఉమ్మడి కొట్టుది!

చీటీ ఎలా చేరుతుంది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ప్రోగ్రాములో రాసి ఉండేది ఫంక్షన్ పేరు మాత్రమే. అది మెమరీలో ఎక్కడుందో ముందుగా తెలియదు. ప్రోగ్రాము నడిచేటప్పుడు 'లోడర్' అనే సహాయకుడు లైబ్రరీలను వరసగా వెతుకుతాడు. ఆ పేరు మొదట ఎక్కడ కనబడితే అక్కడి చిరునామాను ఒక పట్టికలో రాసిపెడతాడు. ఆపైన పిలుపులన్నీ ఆ పట్టిక ద్వారానే వెళతాయి.

చీటీ మోసుకెళ్ళే ఆటో అతను, బోర్డు మీద ఆ పేరున్న మొదటి కొట్టులోనే చీటీ ఇచ్చేస్తాడనుకోండి. అసలు కొట్టుకు ముందు అదే పేరుతో మరొకరు బోర్డు కడితే? చీటీ వారికే అందుతుంది! లినక్స్‌లో 'ఎల్‌డి ప్రీలోడ్' అనే ఏర్పాటు సరిగ్గా ఇదే చేస్తుంది. మనం రాసిన లైబ్రరీని వరసలో అన్నిటికంటే ముందు నిలబెడుతుంది.

అలా నడుమ నిలబడినవాడు నాలుగు పనులు చేయగలడు. వచ్చిన చీటీని ఖాతాలో రాసుకుని అసలు కొట్టుకు పంపవచ్చు. చీటీని మార్చి పంపవచ్చు. లేదు పొమ్మనవచ్చు. తానే సరుకు ఇచ్చేయవచ్చు. అసలు కొట్టుకు పంపేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. అదే పేరుతో పిలిస్తే పిలుపు తిరిగి తనకే వస్తుంది, దానికి అంతుండదు. అందుకని "నా తరువాత వరసలో ఈ పేరుగలవారెవరు?" అని లోడర్‌ను అడిగి, ఆ చిరునామాకు పంపాలి.

మేలు, కీడు

దీనివల్ల ప్రయోజనమేమిటి? బ్రూస్ పెరెన్స్ 'ఎలక్ట్రిక్ ఫెన్స్' అనే లైబ్రరీ రాశారు. అది 'మ్యాలక్' పిలుపులను తాను అందుకుని, ఇచ్చిన చోటు పక్కనే ఎవరూ తొక్కరాని మెమరీని కంచెలా ఉంచుతుంది. ప్రోగ్రాము హద్దు దాటి ఆ కంచెను తాకిందా, అక్కడికక్కడే ఆగిపోతుంది. తప్పు ఎక్కడుందో దొరికిపోతుంది. 'ఫేక్‌టైమ్' అనే మరొక లైబ్రరీ వేళ అడిగిన ప్రోగ్రాముకు మనం కోరిన తేదీ చెబుతుంది. ఫిబ్రవరి 29న ప్రోగ్రాము ఎలా నడుస్తుందో చూడాలంటే నాలుగేళ్ళు ఆగనక్కరలేదు!

అదే చోట దొంగ నిలబడితే? ఫైళ్ళ జాబితా అడిగిన ప్రోగ్రాముకు తన ఫైలు పేరు తీసేసి మిగిలినవే చూపిస్తాడు. మనం టైపు చేసిన రహస్యాలను రాసుకుంటాడు. అందుకే లినక్స్‌లో మామూలు వినియోగదారుకు లేని అధికారంతో నడిచే ప్రోగ్రాములు, ఉదాహరణకు పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రాము, అతను ముందు నిలబెట్టిన లైబ్రరీని లెక్కచేయవు. లైబ్రరీ పనులను తమలోనే కలిపేసుకున్న ప్రోగ్రాముల దగ్గరా ఈ ఎత్తు పారదు. వాటికి చీటీ పంపే అవసరమే లేదు కదా!

ఐఫోన్‌లోనూ మామూలు వినియోగదారుకు ఇతర ప్రోగ్రాముల నడుమ నిలబడే వీలులేదు. ఆ వీలుంటే, కోర్‌టెక్స్ట్‌కు చేరేలోపే ఆ కనపడని సంకేతాన్ని ఏరివేసే చిన్న లైబ్రరీ రాసుకోవచ్చు. కానీ అదే ద్వారం దొంగకూ తెరుచుకునేది. కాబట్టి అందరూ ఆపిల్ కంపెనీ సవరణ కోసం ఎదురుచూడవలసి వచ్చింది. 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చింది. ఉమ్మడి కొట్టు ఒక్కటి బాగుపడగానే, ఒక్క అక్షరం మార్చకుండానే ప్రోగ్రాములన్నీ బాగుపడ్డాయి!

చేసి చూడండి

ముగ్గురు స్నేహితులు కావాలి. ఒకరు "7, 8 కూడు" వంటి లెక్కను చీటీ మీద రాసి తలుపు కిందనుంచి తోయాలి. తలుపు అవతల ఇద్దరుండాలి. ఒకరు చీటీ అందుకుని నకలు రాసుకోవాలి, రెండవవారు జవాబు రాయాలి. రెండవసారి అందుకున్నవారే 8ని 9గా మార్చి లోపలికివ్వాలి. మూడవసారి తానే జవాబు రాసి పంపాలి. చివరకు మొదటివారిని అడగండి: అవతల ఎంతమంది ఉన్నారు? జవాబులను మాత్రమే చూసి ఆ సంగతి కనిపెట్టడానికి ఏ ప్రశ్న పంపాలో మీరే ఆలోచించండి.