వాచీ కొనడం ఒక ఎత్తు, పోషించడం ఒక ఎత్తు

వేళ తెలిసికొనడమే ముఖ్యమైతే ఈ రోజుల్లో లక్షలు పోసి వాచీ కొననక్కరలేదు. జేబులోని సెల్‌ఫోను ఆ పని చేసిపెడుతుంది. సామాన్యమైన బ్యాటరీ వాచీ అయినా నెలకు పదిహేను సెకండ్లకు మించి తేడా చూపదు. స్విట్జర్లాండులో పరీక్షకు నిలిచి ‘క్రోనోమీటరు’ అనిపించుకొన్న స్ప్రింగు వాచీకో, సగటున రోజుకు 4 సెకండ్లు వెనుకబడినా, 6 సెకండ్లు ముందుకు పోయినా చెల్లుబాటు ఉన్నది! అయినా శ్రీమంతులు ఆ స్ప్రింగు వాచీకే ఎగబడుతున్నారు. ఇందులోని ఆకర్షణ ఏమిటి?

మూత తీసి చూస్తే కొంత బోధపడుతుంది. చుట్ట చుట్టుకొన్న స్ప్రింగు మెల్లగా విడిపోతూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. ఒక చిన్న కొక్కెం ఆ చక్రాలను పట్టి ఆపుతూ, వదులుతూ ఉంటుంది. మనకు వినబడే టిక్‌టిక్ అదే. బాలెన్స్ చక్రం ఇటూ అటూ ఊగుతూ ఆ లయ తప్పకుండా చూస్తుంది. రాపిడి తగ్గించడానికి ఇరుసుల కింద కృత్రిమంగా చేసిన కెంపులు అమరుస్తారు. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. మన చేయి ఇచ్చిన బలమే అంతా. ప్రాణమున్న వస్తువు చేతికి ఉన్నట్లు తోచడంలో ఆశ్చర్యం లేదు.

వెనుకటి కథలు కూడా వీటి విలువను పెంచుతాయి. 1930 ప్రాంతంలో మన దేశంలో పోలో ఆడే బ్రిటిష్ అధికారుల వాచీల అద్దాలు ఆటలో పగిలిపోయేవట. ఆ ఇబ్బంది తీర్చడానికి 1931లో పుట్టినదే ‘రివర్సో’. దాని ముఖాన్ని తిప్పితే అద్దం లోపలికి పోయి లోహపు వీపు పైకి వస్తుంది. జేగర్-లకూల్ట్ర వారు దానిని నేటికీ తయారుచేస్తున్నారు.

1969 డిసెంబరు 25న జపానులో సీకో కంపెనీవారు మొదటి క్వార్ట్జ్ చేతివాచీని విడుదల చేశారు. ఆ దెబ్బకు స్విస్ వాచీ పరిశ్రమ తల్లడిల్లింది. 1970లో దాదాపు 90,000 మందికి అన్నం పెట్టిన పరిశ్రమలో 1980ల నడుమకు మిగిలినవారు 30,000 పైచిలుకు. అవసర వస్తువుగా ఓడిపోయిన స్ప్రింగు వాచీ, తరువాత విలాస వస్తువుగా నిలదొక్కుకొన్నది.

కొనేవారు సాధారణంగా మరచేది సర్వీసు సంగతి. ఈనాటి మంచి వాచీల్లో అనేకం గంటకు 28,800 సార్లు కొట్టుకొంటాయి. అంటే ఏడాదికి 25 కోట్ల పైమాటే. లోపలి నూనె ఎండిపోయినా వాచీ కొంతకాలం నడుస్తూనే ఉంటుంది. కాని ఇరుసులు అరిగిపోతూ ఉంటాయి. అందుచేత ఒమేగావారు 5 నుండి 8 ఏళ్ళకు, రోలెక్స్‌వారు సుమారు 10 ఏళ్ళకు ఒకసారి సర్వీసు చేయించమంటారు. ప్రతి భాగాన్నీ విప్పి, కడిగి, అరిగినవి మార్చి, సూదిమొనంత నూనె వేసి, మళ్ళీ కూర్చి, కొన్నాళ్ళు వేళ సరిచూడాలి. ఖరీదు పెరిగినకొద్దీ ఈ ఖర్చూ పెరుగుతుంది. ఏనుగును కొన్నవాడు అంకుశానికి బేరమాడితే ఎట్లా?

మన బెంగుళూరుకు ఈ విషయం పరాయిది కాదు. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో హెచ్.ఎం.టి. వారి వాచీల ఫ్యాక్టరీ ఇక్కడే వెలిసింది. మొదటి వాచీలను నెహ్రూగారు విడుదల చేశారు. ఆ వాచీల కంపెనీని మూసివేయడానికి 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. మా నాన్నగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న ‘జనతా’ నేటికీ నడుస్తున్నదంటే, చిక్కపేట వైపు చిన్న దుకాణం పెట్టుకొన్న ఒక పెద్దాయన చలువే. కంటికి భూతద్దం తగిలించుకొని, పాడైన వాచీల భాగాలు తీసి బాగుపడేవాటికి వేస్తారాయన. డెబ్బై దాటాయి. కొడుకులిద్దరూ వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. “నా తరువాత ఈ వాచీలు తెరిచేవారెవరు సార్?” అని కన్నడంలో అడిగితే నాకు జవాబు తోచలేదు.

కాబట్టి చదువరులకు నాలుగు మాటలు. కొనే ముందు ధర అడిగినట్లే, సర్వీసుకు ఎంత అవుతుందో, ఎక్కడ చేస్తారో, ఎన్నాళ్ళు పడుతుందో అడగండి. అప్పుచేసి మాత్రం కొనకండి. రేడియో స్పీకర్ల వద్ద, అయస్కాంతమున్న ఫోను కవర్ల వద్ద వాచీని ఉంచకండి. లోపలి సన్నని స్ప్రింగు చుట్లు అంటుకొని వేళ ముందుకు పరుగెత్తుతుంది. తారీఖు చూపే వాచీ అయితే రాత్రి తొమ్మిది మొదలు తెల్లవారుజామున మూడు వరకు తారీఖు మార్చకండి.

ఇక బీరువాలో తాతగారి వాచీ మూలుగుతున్నవారు కొత్తదాని కోసం పరుగెత్తనక్కరలేదు. దానిని మంచి పనివాని చేతిలో పెట్టండి. వెలిసిన డయలుకు కొత్త రంగు వేయిస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. ఆయన అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. ఆ నాలుగు డబ్బులు చూసి ఒక కుర్రవాడు ఆ పని నేర్చుకొనడానికి ముందుకు వస్తే, మన వాచీలు మన మనుమల చేతికీ అందుతాయి.